శాలువా వద్దు, డబ్బులివ్వండి

పాట పాడేవాళ్లకి మన తెలుగువాళ్లం చేసినంత మర్యాద ఇంకెవరూ చేయరేమో. స్టేషన్‌కి కారు పంపిస్తాం, ఇంట్లో ఏసీ ఉన్న ఒక్క గదినీ ఖాళీ చేసి ఇస్తాం, వద్దంటున్నా వినకుండా మూడోసారి గారె వేస్తాం, పాట అయ్యాక శాలువా కప్పి, చేతిలో ఒక జ్ఞాపిక పెట్టి, వరసగా ఫొటోలు దిగి, గుమ్మం దాకా కాదు, రైలు పెట్టె దాకా వెళ్లి సాగనంపుతాం. డబ్బులు మాత్రం ఇవ్వం. పిసినారితనం అయితే ఇంత రాయాల్సిన పని లేదు. ఇంటికొచ్చిన మనిషి చేతిలో నోట్లు పెడితే ఆ మనిషిని తక్కువ చేసినట్టవుతుందని మనం నిజంగానే నమ్ముతాం. నా గొడవంతా ఆ నమ్మకంతోనే.

ఇంతకీ సంగతేంటంటే, మొన్న డిసెంబర్‌లో విశాఖ పెదవాల్తేరులో మా వదిన వాళ్లింటి మేడ మీద హాల్లో ఒక కచేరీ పెట్టాం. తన పాటలు తానే రాసుకుని, బాణీ తానే కట్టుకుని, గిటారు భుజాన వేసుకుని ఊరూరూ తిరుగుతూ పాడే ఒకామె. రాసేది తెలుగులోనే. (పేరు రాయట్లేదు. డబ్బుల చర్చలో తన పేరు తిరగడం ఆమెకి ఇష్టం లేదు, అది న్యాయమే.) ముప్పై అయిదు మంది పడతారు, కింద చాపలు, మోకాళ్ల నొప్పులవాళ్లకి కుర్చీలు, మైకు లేదు, మనిషికి అయిదొందలు. వాట్సాప్‌లో ఈ మెసేజ్ వెళ్లీ వెళ్లకముందే మా పిన్ని ఫోను. "ఏటే, ఇంటికి పిలిచి మనుషుల దగ్గర డబ్బులు దండుకుంటారా? కాఫీ ఖర్చులకి లేకపోతే చెప్పండి, నేనిస్తాను." పిన్నికి ఫోన్లో జవాబు చెప్పడం ఎవరి వల్లా కాదు, ఆవిడ అవతలివాళ్లకి ఆ అవకాశం ఇవ్వదు, అందుకని ఇక్కడ తీరిగ్గా చెబుతున్నాను.

ముందు అసలు ఇంట్లో ఎందుకు అనేది. హౌరా–చెన్నై లైన్లో కొన్ని రైళ్లు మన స్టేషన్‌లోకి రావు, వస్తే ఇంజను ఈ చివర నుంచి ఆ చివరకి మార్చాలి, అదంతా ఎందుకని దువ్వాడ మీదుగా బయటి నుంచే వెళ్లిపోతాయి కదా, సొంత పాటలు పాడుకుంటూ టూర్లు చేసేవాళ్లూ మన ఊరిని అలాగే దాటేస్తారు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై చేసి, అటు భువనేశ్వర్‌కో కోల్‌కతాకో ఎక్కేస్తారు. దారిలోనే ఉన్న ఊరు, ఇంత పెద్ద ఊరు, ఆగరు. ఆగితే పాడడానికి చోటు లేదా అంటే ఉంది. కళాభారతి ఉంది, ఎన్నో ఏళ్లుగా శాస్త్రీయ సంగీతాన్నీ నాట్యాన్నీ నిలబెట్టిన చోటు అది, నేను అక్కడ విన్న కొన్ని కచేరీలు జన్మలో మర్చిపోను. కానీ ఎవరికీ తెలియని గాయని కోసం అంత ఆడిటోరియం తీసుకుంటే ముందు రెండు వరసలు నిండుతాయి, వెనకంతా ఖాళీ కుర్చీలు, ఆ ఖాళీని చూస్తూ పాడాలి. పైగా హాలు అనగానే మనకి ముఖ్య అతిథి కావాలి, జ్యోతి ప్రజ్వలన కావాలి, బ్యానర్ మీద స్పాన్సర్ ఫొటో కావాలి, అతిథిగారు 'రెండు ముక్కలు' మాట్లాడతానని మైకు పట్టుకుని అరగంట తినాలి. ఇవన్నీ పెట్టుకున్నాం కాబట్టి ప్రవేశం ఉచితం, 'అందరూ ఆహ్వానితులే'. ఉచితం అయ్యింది కాబట్టి పాడేవాళ్లకి ఇచ్చేది స్పాన్సర్ దయ. ఇంట్లో అయితే ఈ గొలుసంతా తెగిపోతుంది. ముప్పై అయిదు మంది పట్టే చోటికి ముప్పై అయిదు మందే చాలు.

లండన్‌లో సోఫార్ సౌండ్స్ అనేవాళ్లు 2009లో ఇలా ఇళ్లలో కచేరీలు మొదలుపెట్టారు, అది చాలా దేశాలకి పాకింది. 1820లలో వియన్నాలో షూబర్ట్ తన పాటలు స్నేహితుల ఇళ్లలో కూర్చునే వినిపించేవాడు. ఇప్పుడు 'ఇవన్నీ మన దగ్గర ఎప్పుడో ఉన్నాయి' అని ఎవరో ఒకరు అంటారు. ఉన్నాయి, ఒప్పుకుంటాను. ఉన్నప్పుడు పాడేవాళ్లు ఏం తిని బతికారన్నది నా ప్రశ్న.

త్యాగరాజుని తీసుకుందాం. తంజావూరు రాజు పంపిన కానుకలు వద్దన్నాడని మన ఇళ్లలో పిల్లలకి కథగా చెబుతాం, ఆ కథ మీద మనకి ఎంత మోజంటే ప్రతి పాటగాడూ అలాగే ఉండాలనుకుంటాం, రేటు అడిగినవాడు కళని అమ్ముకుంటున్నాడంటాం. అయ్యా, త్యాగరాజు ఉంఛవృత్తి చేశాడంటే, తిరువయ్యారు వీధుల్లో జనం రోజూ గుప్పెడు బియ్యం తెచ్చి పోశారని కదా అర్థం. రాజు డబ్బు వద్దన్నాడు, ఊరి బియ్యం వద్దనలేదు. కథలో రెండో సగం మనం చెప్పుకోం, ఎందుకంటే అందులో మన వంతు పని ఒకటుంది. విజయనగరం దగ్గరే ఉంది, అక్కడికే వద్దాం. సంగీతం నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడు ఘంటసాల అక్కడ ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకుని చదువుకున్నాడు. పెట్టిన ఇల్లాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు, వాళ్లు పెట్టకపోతే మనకి ఘంటసాల లేడు. అదే విజయనగరంలో 1919లో రాజావారు సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని మొదటి అధ్యక్షుణ్ని చేశారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ చెప్పారు. అంటే ఉద్యోగాలిచ్చారు. తర్వాత రాజుల స్థానంలోకి రేడియో వచ్చింది. 1948లో విజయవాడ కేంద్రం, 1963లో మన విశాఖ కేంద్రం. లలిత సంగీతం గురించి ఇవాళ కళ్లు మూసుకుని తలూపుతూ మాట్లాడే పెద్దలు ఒక్క విషయం వదిలేస్తారు: రేడియోలో పాడితే గ్రేడును బట్టి చెక్కు వచ్చేది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడిన మనిషి, ఆయనది రేడియో ఉద్యోగం. సినిమాకి బయట తెలుగు పాట అన్నాళ్లు బతికిందంటే గొప్ప అభిరుచి వల్ల మాత్రమే అనుకోకండి, నెలనెలా ఎవరో లెక్క కట్టి ఇచ్చారు కాబట్టి కూడా.

ఇప్పుడు రాజులు లేరు, రేడియోకి ఆ ఓపిక లేదు. యాప్‌లు ఉన్నాయి కదా అంటారా? స్పాటిఫైలో 2024 నుంచి ఒక నిబంధన ఉంది, గడిచిన పన్నెండు నెలల్లో 1,000 సార్లు కూడా వినబడని పాటకి రాయల్టీ అసలు లెక్కలోకే రాదు. దాటినా వచ్చేది చిల్లరే. మా మేడ మీద కూర్చున్న ముప్పై అయిదు మందీ ఆమె పాట రోజూ విన్నా ఆ సంవత్సరానికి ఆమె టిఫిన్ ఖర్చు రాదు. అదే ముప్పై అయిదు మంది ఒక సాయంత్రం అయిదొందల చొప్పున ఇస్తే 17,500. రైలు టికెట్లు, వెయ్యికి అటూ ఇటూ ఉండే తీగల సెట్టు, మధ్యలో ఖాళీగా పోయే రోజులు, అన్నీ తీసేసినా చేతిలో ఏదో మిగులుతుంది. పెద్ద మొత్తమేం కాదు, కానీ తర్వాతి ఊరికి వెళ్లడానికి ఎవరి దయా అక్కర్లేదు.

ఇంటికి పిలిచి డబ్బులు తీసుకోవడం మన ఆచారం కాదన్న మాట దగ్గరికి వస్తాను. పిన్నీ, నువ్వు మన ఇంట్లో ఎన్ని పెళ్లిళ్లు చూశావు? మండపంలో ఒక మూల టేబుల్ వేసుకుని, లెక్క రాసే బాబాయి నోట్‌బుక్ పట్టుకుని కూర్చోడా? చదివింపులు పేరుతో సహా రాసుకుని, వాళ్లింట్లో పెళ్లికి ఆ పుస్తకం తీసి చూసి అంతకి తగ్గకుండా చదివించమా? హరికథ మధ్యలో హారతి పళ్లెం తిరగలేదా? ఊళ్లో బుర్రకథ జరుగుతుంటే ఎవరో పది రూపాయలు ఇవ్వడం, కథ ఆపి ఆ పేరు మైకులో చదవడం, పేరు చదవగానే ఆ మనిషి చుట్టూ చూసుకోవడం, ఇవన్నీ మన కళ్లతో చూసినవే. అందరి ముందూ, లెక్కపెట్టి, పేరు రాసి మరీ డబ్బు ఇచ్చిపుచ్చుకోవడంలో మనకి ఏనాడూ సిగ్గు లేదు. ఆ సిగ్గు ఇంగ్లీషు చదువులతో, మధ్యతరగతి డ్రాయింగ్ రూములతో వచ్చిందని నా అనుమానం. ఆ సాయంత్రం కుర్చీలు తెచ్చిన టెంట్‌హౌస్ అబ్బాయికి ఎవరూ శాలువా కప్పలేదు, అద్దె ఇచ్చారు. కప్పి ఉంటే అతను మనల్ని ఏమనుకునేవాడో ఊహించుకోండి.

అసలు ఇంటి కచేరీలో పాడేవాళ్ల పని ఎంతో చూశాక ఈ విషయంలో నా నోరు ఇంకా లేస్తోంది. ఆమె మధ్యాహ్నమే వచ్చి హాల్లో చప్పట్లు కొట్టుకుంటూ తిరిగింది. మార్బుల్ ఫ్లోరు, ఖాళీ గోడలు, చప్పుడు ఒకటి కొడితే నాలుగు వినిపిస్తున్నాయి. చాపల కింద దుప్పట్లు పరిపించింది, కిటికీలకి మందపాటి కర్టెన్లు వేయించింది, పక్క గది తలుపు తీసి లోపల మంచం మీద పరుపు నిలబెట్టమంది. తర్వాత ఫ్యాన్లు. తిరిగే ఫ్యాను కింద పాడితే రెక్కలకి తగిలి స్వరం వణికినట్టు వినిపిస్తుందట, నమ్మకం లేకపోతే ఫ్యాను కింద నిలబడి ఒక్క స్వరం లాగి పట్టండి. తర్వాత ఫ్రిజ్. రోజంతా దాని మోత మనకి వినిపించదు, ఎవరైనా నెమ్మదిగా పాడుతున్నప్పుడు కంప్రెసర్ అందుకుంటే తప్ప. ఫ్రిజ్ ఆపేసి, మా అన్నయ్య బండి తాళం అడిగి దాన్ని ఫ్రిజ్‌లో పెట్టింది. ఎందుకంటే, కచేరీ అయ్యాక ఫ్రిజ్ మళ్లీ వేయడం అందరూ మర్చిపోతారు, తాళం కోసం వెతుక్కునేటప్పుడు గుర్తొస్తుంది. రికార్డింగ్ చేసేవాళ్ల దగ్గర నేర్చుకుందట. ఆ రాత్రి మా అన్నయ్య తాళం కోసం ఇల్లంతా తిరిగాడు, అది వేరే కథ.

గిటారుతో వైజాగ్‌లో బతకడం ఇంకో బాధ. ఆ చెక్కకి గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే హాయి, మన సముద్రం ఒడ్డున అంత తక్కువ ఎక్కడుంటుంది? చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, తీగ ఎత్తు మారుతుంది, శృతి పైకి పాకుతుంది, ఉక్కు తీగలు ఉప్పుగాలికి తుప్పు పడతాయి. ఏసీ గదిలోంచి హాల్లోకి తెచ్చిన గిటారు అరగంట పాటు ఎవరి మాటా వినదు. అందుకని పాటకీ పాటకీ మధ్య శృతి చేసుకుంటూనే ఆమె తర్వాతి పాట ఎక్కడ పుట్టిందో చెబుతుంటుంది, మనకి అది కబుర్లలాగా ఉంటుంది, ఆమె చెవి మాత్రం తీగ మీదే ఉంటుంది.

మైకు లేకపోవడం వల్ల ఇంకో లాభం. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది దాటాక 45, లౌడ్‌స్పీకర్లయితే పది తర్వాత మామూలుగా కుదరదు. వినాయక చవితికి ఇవేవీ గుర్తురాని పక్క అపార్ట్‌మెంట్ సెక్రటరీగారికి గిటారు సంచి చూడగానే అన్నీ గుర్తొచ్చాయి. ఏడున్నరకి మొదలై తొమ్మిదింటికల్లా అయిపోయింది, మెట్ల దగ్గరే సరిగ్గా వినపడలేదని ఆలస్యంగా వచ్చినవాళ్లు గోల పెట్టారు. వాళ్ల మీద నాకు జాలి లేదు.

ఇలా పాడితే మాట వినిపిస్తుంది, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఒక పాట రిటైరైన తండ్రి మీద, ఉద్యోగం పోయాక కూడా ఫ్యాక్టరీ బస్సు వచ్చే వేళకి గేటు దగ్గరికి వెళ్లి నిలబడే మనిషి మీద. మా ముందు వరసలో స్టీల్‌ప్లాంట్‌లో జీవితమంతా పనిచేసి దిగిన పెద్దాయన ఒకరున్నారు. పాట అయిపోగానే అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన మాత్రం, "ఏ షిఫ్టమ్మా మీ నాన్నది?" అన్నారు. ఆమె నవ్వి, బీ షిఫ్టే ఎక్కువండీ అంది. "అనుకున్నా. సాయంత్రం నీడ సంగతి రాశావు కదా." హాలు కచేరీలో ఈ ప్రశ్న వేదిక దాకా వెళ్లదు. వెళ్లకపోవడమే కాదు, అడగాలని కూడా తోచదు. ఈ ఉత్తరాంధ్ర గడ్డ మీద ఇలాంటి పాట కొత్తది కాదు, షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు గారు మర మీద పనిచేసే మనుషుల బతుకునే పాట కట్టారు, ఆయన గొంతు జనం మధ్యలో నిలబడి పాడిన గొంతు. ఆయన పోయాక, 2020 నుంచి, ఆయన పేరు మీద మాటలు చాలా విన్నాను. కొత్తగా కట్టేవాళ్లు తినేదెలా అన్న మాట మాత్రం ఆ సభల్లో నేను వినలేదు.

ఇక అన్ని చోట్లా వచ్చేది ఇక్కడా వచ్చింది. సగం అయ్యాక వెనక నుంచి ఒక గొంతు: "ఏదైనా ఒక సినిమా పాట పాడండమ్మా, పాత మెలోడీ." అడిగినాయన మంచివాడే, టికెట్ డబ్బులు అందరికన్నా ముందు ఫోన్‌పే చేసినవాడే. నాకు మాత్రం ఒళ్లు మండింది. సినిమా పాటలంటే నాకూ ప్రాణమే, కానీ వాటికి టీవీ ఉంది, రేడియో ఉంది, పెళ్లి ఆర్కెస్ట్రా ఉంది, వీధి చివర టీ బడ్డీ ఉంది. ఈ ఒక్క గంటన్నర కూడా వాటికే ఇవ్వాలా? తన బిడ్డని ఎత్తుకొచ్చిన తల్లిని పక్కింటి పిల్లాణ్ని చూపించమంటామా? ఆమె మాత్రం గొడవేం లేకుండా, "అయ్యో, అవి నాకన్నా మీరే బాగా పాడతారండీ, చివర్లో మీరు పాడండి, నేను వాయిస్తాను" అంది. చివర్లో ఆయన నిజంగానే పాడాడు. బాగానే పాడాడు, ఏం చేస్తాం.

అతిథి మర్యాద ఎంత చేటు చేస్తుందో కూడా చెప్పాలి. పాడేముందు కడుపు నిండా తింటే ఊపిరి అందదని ఆమె ముందే చెప్పింది. వదిన అత్తగారు వినలేదు, "పాపం ఎప్పుడు తిందో" అంటూ పులిహోర, పెరుగన్నం, మాడుగుల హల్వా ముందు పెట్టి పక్కనే కూర్చున్నారు. అయ్యాక అందరూ పదకొండున్నర దాకా కదలనివ్వలేదు, ఆమెకి తెల్లవారుజామున రైలు. ప్రేమే, కాదనను. ఆ ప్రేమకి బదులు ఆమె డబ్బు తగ్గించుకోవాలన్నప్పుడే నాకు తిక్కరేగేది. 'భోజనం, బస మావే కదా' అని గేటు డబ్బులోంచి ఖర్చులు కోసుకున్న ఇల్లు ఒకటి ఆమె ఈ టూర్లోనే చూసిందట, ఏ ఊరో చెప్పలేదు. ఇల్లు మనది, పిలిచింది మనం, పులిహోర మనం పెట్టాలనుకుని పెట్టింది. వసూలైనదంతా ఆమెది.

ఒక ఆక్షేపణకి మాత్రం నా దగ్గర మంచి జవాబు లేదు. ఇల్లంటే అందరిదీ కాదు. హాలుకి ఎవరైనా రావచ్చు, వెనక కూర్చుని మధ్యలో లేచిపోవచ్చు. పెదవాల్తేరులో ఒకరి మేడ ఎక్కాలంటే పిలుపు కావాలి, ఆ పిలుపు మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, మన గ్రూపుల్లో మనలాంటివాళ్లే ఉంటారు. ఏ ఇంట్లోకి ఎవరు మొహమాటం లేకుండా చెప్పులు విడిచి రాగలరన్నది ఈ దేశంలో చిన్న ప్రశ్న కాదు. అలాగని అడ్రస్ ఊరంతా వేసేయలేం, ఒంటరిగా వచ్చిన ఆ గాయని రాత్రి అదే ఇంట్లో పడుకోవాలి. పేరు, ఫోను నంబరు ఇచ్చినవాళ్లకి మధ్యాహ్నం అడ్రస్ పంపాం, పది సీట్లు మాకు తెలియనివాళ్లకే అని విడిగా ఉంచాం. ఆ పదీ నిండాయి, వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆంధ్రా యూనివర్సిటీ పిల్లలు. దీంతో ప్రశ్న తీరిపోయిందని నేను అనను. ఒకే ఇల్లు కాకుండా గాజువాకలో ఒకటి, కంచరపాలెంలో ఒకటి, భీమిలిలో ఒకటి అయితే కొంత తేడా వస్తుంది, మేడలూ మార్బుల్ హాళ్లే కానక్కర్లేదు, నిజానికి పెంకుటింటి వసారాలో గొంతు ఇంకా బాగుంటుందని ఆమే చెప్పింది.

మిగిలింది రేటు. డబ్బా పెట్టి 'మీ ఇష్టం' అందామని నేను మొదట వాదించాను, ఇబ్బంది ఉండదని. ఆమె ఒప్పుకోలేదు. మీ ఇష్టం అంటే జనానికి టెన్షన్, ఎంత వేస్తే బాగుంటుందో తెలియక పక్కవాళ్ల చేయి చూస్తారు, వంద వేసినవాళ్లు మొహం చాటేసి పోతారు, మళ్లీ రారు, అదే రేటు చెబితే ఇచ్చి హాయిగా కాళ్లు చాపుకుని వింటారని ఆమె లెక్క. విన్నాక నాకూ అదే నిజమనిపించింది. విద్యార్థుల దగ్గర ఇంకా గొడవ తేలలేదు. వాళ్లకి రెండొందలు పెడదామని నేను, అసలు తీసుకోవద్దని అన్నయ్య, తీసుకోకపోతే వాళ్లకి ఉచితంగా వినడమే అలవాటవుతుందని వదిన. చిన్నపిల్లలకి ఫ్రీ, కుదురుగా కూర్చుంటేనే. ఫిబ్రవరిలో కటక్ నుంచి దిగుతూ ఇంకొకాయన వస్తానన్నాడు, ఈలోగా తేల్చుకోవాలి, ఆ తర్వాత పెట్టడం మాత్రం కుదరదు, ఏప్రిల్లో ఈ ఊళ్లో ఫ్యాన్లు కట్టేసి కూర్చోమంటే మనం ఎదురు డబ్బులిచ్చినా ఎవరూ రారు.